మార్పు చేప ఊరు ఏది?

దివిసీమ సంతలలో చేప కొనే గృహస్థుకు ఒక పాత అలవాటు ఉన్నది. బేరానికి దిగేముందు, "ఇది ఏటి చేపా, చెరువు చేపా?" అని అడుగుతాడు. రుచి నీటిని బట్టి ఉంటుందని అతని నమ్మకం. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. గడచిన ముప్పది ఏండ్లుగా, ఒక్క మార్పు చేప విషయంలో మాత్రం, ఈ ప్రశ్నకు మరొకటి తోడైనది: "ఇది నాటు మార్పా, క్యాట్‌ఫిష్షా?" అమ్మే ఆమె ఏ జవాబు చెప్పినా, కొనేవాడు వంగి చేప తలకాయను ఒకసారి పరీక్షగా చూడక మానడు. అవనిగడ్డ బజారులో గంప ముందు నిలబడి అడిగే ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. ఇదే ప్రశ్నకు స్వీడను దేశపు లినేయస్ పండితుడు 1758లో ఒక జవాబు వ్రాసి పెట్టినాడు. ఆ జవాబులోని చిక్కు విడిపోవడానికి సరిగా 250 సంవత్సరాలు పట్టినది.

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు స్ఫురిస్తవి. చేపకు కూడా చరిత్ర ఉంటుందా అని కొందరు శ్రోతలకు సందేహం కలుగవచ్చును. చేపకు ఉన్నా లేకపోయినా, చేప పేరుకు తప్పక ఉన్నది. ఒక పేరు ఏ నీటిలో పుట్టినది, ఏ ఓడమీద ప్రయాణం చేసినది, ఎవరి పుస్తకంలో స్థిరపడినది, ఏ దుకాణంలో దొంగపేరుగా చెలామణి అయినది అని వెదకుతూ పోతే, కంపెనీ కాలం నుండి నేటి చేపల చెరువుల వరకు ఒక దారి కనబడుతుంది.

ముందుగా మన నాటు మార్పును గూర్చి రెండు మాటలు. కృష్ణానది పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, దివిసీమను చుట్టుకొని సముద్రంలో కలుస్తుంది. ఈ లంకనేలలో పంట కాలువలు, మురుగు కాలువలు, వరిమళ్ళు, మడుగులు, తుంగ పెరిగిన గుంటలు ఎన్నో. నీరు నిలచి, ఆకులు కుళ్ళి, తక్కిన చేపలకు ఊపిరాడని చోట మార్పు సుఖంగా ఉంటుంది. దాని మొప్పల గదిలో చిన్న చెట్టువలె కొమ్మలు తీరిన ఎర్రని అవయవం ఒకటి ఉన్నది. నీటిపైకి వచ్చి గుటక వేసిన గాలిని ఆ కొమ్మలు గ్రహిస్తవి. అందువల్లనే తడి గోనెసంచిలో చుట్టి ఊరు దాటించినా అది ప్రాణంతో ఉంటుంది. తొలకరిలో కొత్తనీరు తగలగానే గట్టుమీదుగా ప్రాకి ఒక మడినుండి మరొక మడికి పోతుంది. మూతిచుట్టూ నాలుగు జతల మీసాలు, పొలుసు లేని జారుడు శరీరం, వీపంతా సాగిన రెక్క, ఛాతీ రెక్కలో గుచ్చుకొనే ముల్లు. ఊతతో పట్టేవారు దానిని చేతితో తీసేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో పల్లెలలో పెరిగినవారికి తెలుసును.

ఈ జాతి చేపలకు శాస్త్రంలో క్లేరియస్ అని పేరు. చురుకైనది, జీవమున్నది అనే అర్థం గల గ్రీకు మాట నుండి వచ్చినది. నీటి బయటకూడ బ్రతికి ఉండడం చూచి పెట్టిన పేరు.

లినేయస్ తన గ్రంథపు పదవ ముద్రణను 1758లో వెలువరించినాడు. జంతువులన్నింటికీ రెండేసి మాటల పేరు పెట్టే పద్ధతికి ఆ గ్రంథమే పునాది. అందులో ఈ చేపకు ఆయన సైలూరస్ బట్రాకస్ అని పేరు పెట్టినాడు. బట్రాకస్ అనగా కప్ప. బాగుగానే ఉన్నది. అయితే అది ఎక్కడ ఉంటుంది అన్నచోట ఆయన వ్రాసినది రెండే మాటలు: ఆసియా, ఆఫ్రికా! ఏ నది, ఏ దేశం అన్న వివరం లేదు. ఈ లోకంలోని రెండు మహాఖండాలను ఒక చేపకు చిరునామాగా వ్రాసి ఊరుకున్నాడు. ఉత్తరం మీద ఇటువంటి చిరునామా వ్రాస్తే మన పోస్టుమేన్ ఏమనుకొంటాడో ఊహించుకోవచ్చును. కాని ఆయనను నిందించడం న్యాయం కాదు. ఆ కాలపు పండితులకు చేపలు సారాయి సీసాలలో, ఎండిన తోళ్ళుగా, చేతులు మారి మారి అందేవి. ఓడ ఎక్కడ ఆగినదో చెప్పగలిగేవారు గాని, వల ఎక్కడ వేసినారో చెప్పగలిగినవారు అరుదు.

పేరుకు ఊరు జతచేయడమెట్లాగో చూపినవాడు, చాలామంది తెలుగువారికి తెలియకపోయినా, మన తెలుగుదేశంలోనే పనిచేసినాడు. ఆయన పాట్రిక్ రస్సెల్. ఎడింబరోలో చదువుకున్న వైద్యుడు. అలెప్పో నగరంలో మహమ్మారి రోగులకు చికిత్స చేసి పేరు తెచ్చుకొన్నవాడు. తమ్ముడు విశాఖపట్నంలో కంపెనీ అధికారిగా ఉండగా ఆయనతోపాటు ఇక్కడికి వచ్చినాడు. 1785లో కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతపు ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమించినారు. మన పాములను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథం ప్రసిద్ధమైనది. రక్తపింజరికి ఇంగ్లీషులో నేటికీ ఆయన పేరే. చేపలమీద ఆయన చేసిన పని మాత్రం పాముల నీడలో పడిపోయినది. 1803లో లండనులో అచ్చయిన ఆ గ్రంథం రెండు సంపుటాలు. విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపలకు వర్ణనలు, ఇక్కడి చిత్రకారులు వ్రాసిన బొమ్మలు అందులో ఉన్నవి.

ఈ గ్రంథం విశేషమేమిటంటే, ప్రతి చేపకు ఊరు తెలుసును. అంతకుమించి, రేవులో పల్లెకారులు పిలిచే తెలుగు పేరును విన్నది విన్నట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసి, దానినే శీర్షికగా పెట్టినాడు. లాటిను పేర్లు పెట్టే ఆడంబరానికి పోలేదు. తరువాత పారిస్‌లో కువియే, వాలెన్సియెన్ వంటి మహాపండితులు ఆ పుస్తకం ముందు పెట్టుకొని శాస్త్రనామాలు చేసినప్పుడు, మన మాటలే లాటిను వేషం వేసుకొన్నవి. కానగుర్త అని మన తీరంలో పిలిచే చేప 1816లో కువియే చేతిలో శాస్త్రనామమైనది. నేడు ప్రపంచంలో ఏ భాషవాడైనా దానిని రాస్ట్రెల్లిగర్ కానగుర్తా అనవలసినదే. వాలుగ అన్న మాటను రస్సెల్ వాలగూ అని వ్రాసుకొన్నాడు. డచ్చి పండితుడు బ్లీకర్ 1851లో దానిని ఒక ప్రజాతికి పేరుగా పెట్టినాడు. కృష్ణలో పట్టిన పెద్దవాలుగను జపానులో చూపినా, బ్రెజిల్‌లో చూపినా వల్లాగో అనే అంటారు. నల్లజెల్లలోని నల్ల కూడ ఇట్లే ఒక సముద్రపు జెల్లకు శాస్త్రనామంగా నిలచిపోయినది. మనవాళ్ళ పేర్లు రస్సెల్ వ్రాసుకొన్నాడు గాని, ఆ పేర్లు చెప్పినవారెవరో ఆ పుస్తకంలో లేదు. పట్టినవాడి పేరు పోయి, చేప పేరు మిగిలినది.

రస్సెల్ పుస్తకం సముద్రతీరపు పుస్తకం. మార్పు వంటి మడుగుచేపలకు మరొక వైద్యుడు కావలసివచ్చినాడు. ఆయన ఫ్రాన్సిస్ బుకానన్; తల్లి తరపు ఆస్తి సంక్రమించిన తరువాత హామిల్టన్ అని పేరు మార్చుకొన్నాడు. మైసూరులోను, బెంగాలులోను ఊరూరా తిరిగి సర్వే చేసినవాడు. గంగానదిలోను, దాని పాయలలోను ఉండే చేపలను ఏండ్ల తరబడి పరిశీలించి బొమ్మలు వ్రాయించినాడు. 1815లో స్వదేశానికి పోయేటప్పుడు ఆ బొమ్మలను తీసుకొనిపోవడానికి గవర్నరు జనరలు అనుమతి ఇవ్వలేదు. అవి కంపెనీ సొత్తు కనుక కలకత్తాలోనే ఉండాలన్నారు. ఆయన చాలవరకు తన రాతప్రతులమీద ఆధారపడి పుస్తకం పూర్తిచేయవలసి వచ్చినది. 1822లో ఎడింబరోలో ఆ పుస్తకం వెలువడినది. బెంగాలీలు మాగుర్ అని పిలిచే చేపకు ఆయన ఆ పేరునే ఉంచినాడు. వంగదేశంలో జబ్బుపడి లేచినవారికి మాగుర్ పులుసు పథ్యంగా పెడతారు. మన మార్పుకు అది అన్నదమ్ముల వరుస అన్నా తప్పులేదు. అదే అన్నా తప్పులేదు. ఆ సంగతి చివర చెప్పుకొందాము.

అదే 1822లో లండనులో మరొక పుస్తకం అచ్చయినది. విలియం బర్చెల్ అనే యాత్రికుడు దక్షిణాఫ్రికా లోపలి ప్రదేశాలలో ఎడ్లబండి మీద చేసిన ప్రయాణపు వృత్తాంతం అది. 1811లో ఆయన అక్కడి పెద్దనది ఒడ్డుకు చేరుకొన్నాడు. తెల్లవారు ఆ నదిని ఆరెంజి నది అన్నారు. ఆ గడ్డమీద పూర్వంనుండి ఉన్న ఖోయి ప్రజలు దానిని గారీప్ అంటారు. మహానది అని ఆ మాటకు అర్థం. ఆ నదిలో దొరికిన మీసాల చేపకు బర్చెల్ ఆ నది పేరునే పెట్టి గారీపినస్ అన్నాడు. లినేయస్ రెండు ఖండాలు వ్రాసినచోట బర్చెల్ ఒక్క నదిని వ్రాసినాడు. మాగుర్, గారీపినస్ అనే రెండు పేర్లు, ఒకే సంవత్సరం, ఒకదాని సంగతి ఒకటి ఎరుగకుండ అచ్చులోకి వచ్చినవి. అప్పటికి బెజవాడ ఆనకట్ట లేదు; అది 1855 నాటిది. వానకు నిండి, వేసవికి ఎండే మడుగుల మధ్య దివిసీమ మార్పు తనపాటికి తాను బ్రతుకుతున్నది. గారీప్ నదికి, కృష్ణకు మధ్య ఒక మహాసముద్రం ఉన్నది. ఈ రెండు చేపలు ఒకనాడు ఒకే గంపలో పడతవని ఎవరు అనుకొంటారు?

ఆఫ్రికా చేప కథ అక్కడితో ఆగలేదు. 1840లో వాలెన్సియెన్ నైలునది చేపను చూచి లాజెరా అన్నాడు. 1852లో పీటర్స్ అనే జర్మను పండితుడు మొజాంబికు చేపను చూచి మొసాంబికస్ అన్నాడు. విక్టోరియా మొదలైన తూర్పు ఆఫ్రికా సరస్సుల చేపలు చాలాకాలం ఈ మూడవ పేరుతోనే పుస్తకాలలో ఉండేవి. ఉత్తరాన ఒక పేరు, తూర్పున ఒక పేరు, దక్షిణాన ఒక పేరు. ఇవన్నీ వేరువేరు జాతులేనా, లేక ఒకే చేప వేరువేరు నీళ్ళలో వేరువేరుగా కనబడుతున్నదా? బెల్జియం దేశస్థుడైన గీ టొయిగెల్స్ వందలకొలది నమూనాలను కొలిచి, ఎముకలు చూచి, 1986లో ప్రకటించిన బృహద్గ్రంథంలో తేల్చినదేమనగా, ఇవన్నీ ఒక్కటే. మొదట పెట్టిన పేరు చెల్లుతుంది కనుక అన్నింటికీ గారీపినస్ పేరే నిలచినది. నైలు నుండి గారీప్ దాకా, ఆఫ్రికా దాటి జోర్డాను నదిలోను, దక్షిణ టర్కీలోను కూడ ఉన్నది ఆ ఒక్క చేపే.

ఇక్కడ కొంచెం ప్రక్కదారి పట్టి గాజుతొట్టెల సంగతి చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా, చేప ఏ సరస్సుదో తేల్చుకోవడం ఎంత కష్టమో వాటివలన బాగా తెలుస్తుంది. పట్టణాలలో రంగుచేపల దుకాణాలలో ఆఫ్రికా సరస్సుల మీసాల చేపలని చిన్న చిన్న చుక్కల చేపలు అమ్ముతారు. శాస్త్రంలో వాటిని సినొడాంటిస్ అంటారు. మార్పుకు ఇవి దూరపు చుట్టాలు. మలావి సరస్సుకు పూర్వపు పేరు న్యాసా. అక్కడి సినొడాంటిస్‌కు ఆ సరస్సు పేరే పెట్టినారు కనుక దానితో పేచీ లేదు. చిక్కంతా టాంగనీకా సరస్సుతోనే. అది 670 కిలోమీటర్ల పొడవు, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు లోతు గల మహా జలాశయం. నాలుగు దేశాలు దానికి ఒడ్డు. అందులోని సినొడాంటిస్ జాతులు ఇంచుమించు అన్నీ లోకంలో మరెక్కడా లేనివి. వానిలో ఒకటి మన కోకిల వంటిది. తన గ్రుడ్లను నోట పెట్టుకొని పొదిగే వేరొక చేప గ్రుడ్లు పెట్టే సమయానికి పోయి, తన గ్రుడ్లను వాటిలో కలుపుతుంది. పెంపుడు తల్లి నోటిలో ముందుగా పుట్టిన కోకిలపిల్ల ఆ తల్లి సొంత పిల్లలను తినివేస్తుంది. జపాను శాస్త్రజ్ఞుడు సాతో 1986లో దీనిని లోకానికి వెల్లడించినాడు.

చెప్పవచ్చిన సంగతి అది కాదు. 1959లో మాతెస్ అనే పండితుడు ఈ సరస్సులోని ఒక చుక్కల చేపకు పెట్రికోలా అని పేరు పెట్టినాడు. రాతినివాసి అని అర్థం. తరువాత సరస్సు దక్షిణపు కొసన జాంబియా వైపు పట్టిన చేపలు వ్యాపారంలోకి వచ్చినవి. చూడడానికి అట్లే ఉన్నవి గాని కొంచెం పొట్టివి. దుకాణదారులు పొట్టి పెట్రికోలా అని చీటీ కట్టి, ఏండ్ల తరబడి దేశదేశాలకు అమ్మినారు. గాజుతొట్టెలలో అవి పిల్లలను పెట్టినవి, ఆ పిల్లలు అదే పేరుతో అమ్ముడుపోయినవి. 2006లో రైట్, పేజ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు పాత నమూనాలను, కొత్త నమూనాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినారు. పొట్టిది పెట్రికోలా కానే కాదు. వేరొక జాతి. లూసిపిన్నిస్ అని కొత్త పేరు పెట్టవలసి వచ్చినది. ఇంటింటా తొట్టెలలో ఈదుతున్న చేపకు శాస్త్రంలో అంతవరకు పేరు లేదన్నమాట! ఈ తగవు తీరినది మ్యూజియంలో సీసాలమీద పట్టినచోటు వ్రాసి ఉండబట్టి. దుకాణపు చీటీమీద ఆధారపడితే ఎన్నటికీ తీరేది కాదు.

మన ప్రాంతంలో ఇటువంటిది కొత్త విషయం కాదు. పెడనలో అచ్చువేసిన కలంకారి గుడ్డ లోకమంతటా బందరు కలంకారి అనే పేరుతో పోతుంది. సరుకుకు రేవు పేరు అంటుకోవడం వ్యాపారధర్మం. బందరు అన్నది రేవు అనే అర్థంగల మాటే. ఇక మచిలీపట్నం పేరు సంగతి చెప్పనే అక్కరలేదు. మచిలీ అనగా హిందూస్తానీలో చేప కనుక చేపలపట్నమని కొందరంటారు. గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు కనుక ఆ పేరు చేపలకంటె పాతదని మరికొందరంటారు. నాకు రెండవ వాదమే బలంగా కనబడుతుంది. ఊరి పేరుకే ఊరు చెప్పలేకపోతున్నాము, చేప పేరు ఎంత!

ఆఫ్రికా చేప కృష్ణా డెల్టాకు వచ్చిన దారి కూడ రేవు పేర్ల దారియే. 1970 తరువాత ఆఫ్రికాలోను, నెదర్లాండ్సులోను శాస్త్రజ్ఞులు దానిని చెరువులలో పెంచడం, గ్రంథుల రసం సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించడం నేర్చుకొన్నారు. అది త్వరగా పెరుగుతుంది, ఏమి పెట్టినా తింటుంది, మురికినీటిలో కూడ చావదు. పెంపకందారుకు ఇంతకంటె ఏమి కావలెను? 1987 ప్రాంతాన థాయిలాండు చేరినది. అక్కడి స్వదేశీ మీసాల చేపతో సంకరం చేసి పెంచినారు. 1989లో థాయిలాండునుండి బంగ్లాదేశ్ వచ్చినది. 1990 తరువాత, ఏ అధికారపు అనుమతీ లేకుండ, సరిహద్దు దాటి పశ్చిమబెంగాలులో ప్రవేశించినది. అక్కడినుండి చేపపిల్ల వ్యాపారుల డబ్బాలలో దేశమంతా ప్రాకినది. కొల్లేటి చుట్టుప్రక్కల కైకలూరు వైపు చెరువులకు, క్రమంగా డెల్టా అంతటికీ వచ్చినది. దారిలో దానికి అంటుకొన్న పేరు థాయ్ మాగుర్. ఆఫ్రికాలో పుట్టిన చేపకు థాయిలాండు ఇంటిపేరు, బెంగాలు ఒంటిపేరు! ఆ పేరులో దాని ప్రయాణమంతా ఉన్నది, పుట్టిన ఊరు ఒక్కటే లేదు.

ఈ పేరు వలన జరిగిన హాని సామాన్యమైనది కాదు. మాగుర్ అన్నారు కనుక స్వదేశీ చేపే కాబోలునని కొన్నవారున్నారు, పెంచినవారున్నారు. కోళ్ళ వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు మేపి పెంచే చెరువులు వెలసినవి. ఆ దుర్గంధం చుట్టుప్రక్కల ఊళ్ళవారికి తెలుసును. వరద వచ్చి గట్టు తెగినప్పుడు ఆ చేప కాలువలలో పడుతుంది. మార్పువలె గాలి పీల్చగలదు, తడినేలమీద ప్రాకగలదు. మార్పుకంటె ఎన్నోరెట్లు పెరుగుతుంది, చిన్నచేపలను, కప్పలను, గ్రుడ్లను వదలదు. పైగా చేపపిల్లల కేంద్రాలలో దీనికి, నాటు మాగుర్‌కు సంకరం కలిపిన ఉదంతాలు కూడ బయటపడినవి. కేంద్రప్రభుత్వం 2000లో దీని పెంపకాన్ని నిషేధించినది. నిషేధం కాగితంమీద ఉండగా చెరువులలో పెంపకం సాగుతూ వచ్చినది. 2019లో జాతీయ హరిత న్యాయస్థానం ఈ చేపలను పట్టి నాశనం చేయవలసినదిగా రాష్ట్రాలను మరల ఆదేశించినది. అధికారులు లారీలను ఆపి, చెరువుల గట్లు తెంపి, గోతులు తీసి పూడ్చిన వార్తలు అప్పుడప్పుడు పత్రికలలో చదువుతూనే ఉన్నాము. మేత తక్కువ ఖర్చు, చేప తొందరగా ఎదుగుతుంది, కొనేవాడు పేదవాడు. ఈ మూడూ ఉన్నంతకాలం లారీలు ఆగుతవని నాకు నమ్మకం లేదు.

గంప ముందు నిలబడిన గృహస్థుకు గుర్తులు కావలెను కదా. పెద్దచేప అయితే తేలిక. మన మార్పు మూరెడు పొడవు దాటడం అరుదు. ఆఫ్రికాది మనిషి ఎత్తు దగ్గరకు పోగలదు. 60 కిలోల బరువు కూడ నమోదైనది. కిలోకు మించిన మార్పు అని ఎవరైనా ఇస్తే సందేహించవలసినదే. మన దాని ఒంటిరంగు ముదురుగా ఇంచుమించు ఒక్కతీరుగా ఉంటుంది. ఆఫ్రికాదానికి బూడిదరంగు మీద పాలరాతి మీది మరకలవలె నల్లని మచ్చలు పరచుకొని ఉంటవి. బోర్లించి చూస్తే తల అడుగున ఇరుప్రక్కల రెండు నల్లని చారలు తరచు కనబడతవి. తలకాయ పెద్దది, బల్లపరుపుగా ఉంటుంది. వీపురెక్క ముగిసినచోటికి, తోకరెక్క మొదలైనచోటికి మధ్య జాగా హెచ్చు. శాస్త్రజ్ఞులు మొప్ప తెరచి, మొదటి కమానుమీద దువ్వెనపండ్లవలె ఉండే ముళ్ళను లెక్కిస్తారు. ఆఫ్రికాదానికి అవి వయస్సుతోపాటు పెరుగుతూ 24 నుండి 110 దాకా ఉంటవి, మన దానికి ఇరవైకి లోపు. అయితే ఈ గుర్తులన్నీ పెద్దవాటికే. వేలెడు పిల్లలను చూచి వేరుచేయడం పండితులకే కష్టం. మోసం జరిగేది కూడ పిల్లల దగ్గరనే.

ఇక లినేయస్ వ్రాసిన చిరునామా సంగతి. బట్రాకస్ అన్న పేరు రెండువందల యాభై ఏండ్లు ఆసియాలోని ఇటువంటి చేపలన్నింటికీ వాడినారు. భారతదేశపుదీ బట్రాకసే, థాయిలాండుదీ బట్రాకసే, జావాదీ బట్రాకసే. మన జిల్లాల చేపల పట్టికలలో కూడ మార్పుకెదురుగా ఆ పేరే చాలాకాలం కనబడేది. హామిల్టన్ పెట్టిన మాగుర్ అన్న పేరును అనవసరమని కొట్టివేసినారు. 1960 దశకంలో అమెరికాలోని ఫ్లారిడాలో గాజుతొట్టెల వ్యాపారంకోసం థాయిలాండునుండి తెప్పించిన తెల్లని మీసాల చేపలు తప్పించుకొని కాలువలలో పడి, వానరాత్రులలో రోడ్లమీద నడుస్తూ జనాన్ని భయపెట్టినవి. నడిచే చేప అని పత్రికలు గగ్గోలు పెట్టినవి. దానినీ బట్రాకస్ అనే అన్నారు.

2008లో సింగపూరుకు చెందిన హియాక్ హీ ఇంగ్, స్విట్జర్లాండుకు చెందిన మారిస్ కొటెలా ఈ ముడి విప్పినారు. దేశదేశాల నమూనాలను కొలిచి చూడగా, బట్రాకస్ అని ఒకే పేరుతో పిలిచేవి కనీసం నాలుగు వేరువేరు చేపలని తేలినది. పేరు ఏదో ఒక చేపకు, ఏదో ఒక చోటికి కట్టుబడి ఉండాలి. లినేయస్ చోటు చెప్పలేదు కనుక వారు జావాలో దొరికిన ఒక నమూనాను ఎంచి, ఇకమీదట బట్రాకస్ అన్న పేరు దీనిదే అని నిర్ణయించినారు. ఆసియా, ఆఫ్రికా అన్న చిరునామా జావాద్వీపంగా కుదించుకొనిపోయినది. థాయిలాండుదానికి, దానితోపాటు ఫ్లారిడాలో నడిచినదానికి, సరియైన పేరు ఇంకా స్థిరపరచవలసి వచ్చినది. భారతదేశపు చేపకు 1822 నాటి హామిల్టన్ పేరు మరల దక్కినది: క్లేరియస్ మాగుర్. పడమటి తీరంలో, మలబారు ప్రాంతపు మడుగులలో మరొకటి ఉన్నది; దుస్సుమియే అనే ఫ్రెంచి వర్తకుడు సేకరించి పంపగా 1840లో ఆయన పేరే దానికి పెట్టినారు.

పేరు తిరిగి వచ్చేసరికి చేప తరిగిపోయినది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారి పట్టికలో మాగుర్ నేడు అపాయంలో ఉన్న జాతులలో చేరినది. అంతవరకు ఖండమంతటా విస్తరించిన బట్రాకస్ అనే మహాకుటుంబంలో ఒక భాగంగా లెక్కపెట్టినంతకాలం, ఇది తరిగిపోతున్నదని పట్టికలో కనబడే అవకాశమే లేకపోయినది. జావాలోను, సయాములోను పుష్కలంగా ఉన్న చేపకు దివిసీమ మడుగులో లోటు వస్తే ఎవరు లెక్కపెడతారు? ఇది వేరే జాతి అని తెలిసిన తరువాతనే లోటు లోటుగా కనబడినది.

హామిల్టన్ తాను వర్ణించిన మాగుర్‌ను సీసాలో భద్రపరచి పోలేదు. జావా చేపకు మ్యూజియంలో నమూనా ఉన్నది, గాజుతొట్టెలలోని పొట్టి లూసిపిన్నిస్‌కు కూడ ఉన్నది. మాగుర్‌కు ఆయన పుస్తకమే ఆధారం. మన మార్పుకైతే చూపించడానికి ఉన్నవి ఆ మడుగులే. వేసవిలో మురుగుకాలువ పూడిక తీసేటప్పుడు బురదలో నల్లగా కదలే నాటు మార్పు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో చేతికి తగులుతూనే ఉన్నదట. అవనిగడ్డ బజారులో దాని వెల క్యాట్‌ఫిష్ వెలకు ఎన్నో రెట్లు. అమ్మే ఆమె దానిని వేరే తట్టలో, తడిగుడ్డ కప్పి, ప్రక్కగా పెట్టుకొంటుంది. అడిగినవారికి ఏ ఊరి మడుగులో దొరికినదో కూడ చెపుతుంది.